విషాద ప్రేమికను చదవడం ఎలా: కీట్స్ 'ఇసబెల్లా' చేతులు పట్టుకుని

డిగ్రీ మూడో ఏడాదిలో ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ రాసిన 'ఇసబెల్లా' కావ్యం నాకు పది మార్కుల ప్రశ్నగా పరిచయమైంది. కథాసారాంశం, పాత్రచిత్రణ, కవి శైలి అని మూడు పేరాలు బట్టీ పట్టాను. "ఇసబెల్లా అమాయకురాలు, ప్రేమ కోసం ప్రాణం విడిచిన అభాగ్యురాలు" అని రాశాను. మార్కులూ వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత ఒక ముసురు పట్టిన సాయంత్రం అదే కావ్యాన్ని పైకి చదువుతుంటే నలభై ఏడో చరణం దగ్గర నా గొంతు ఆగిపోయింది. మట్టిలోంచి ఒక గ్లౌజు బయటపడింది. దాని మీద ఊదారంగు పట్టుదారంతో కుట్టిన కుట్టు. ఆ కుట్టు ఆమెదే. మట్టి తవ్వుతున్న చేయీ ఆమెదే. అన్నేళ్ళుగా ఆ పిల్ల కన్నీళ్ళ గురించే రాశాను గానీ ఆమె చేతుల వైపు ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది.

పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళ ఇంగ్లీషు రొమాంటిక్ కవుల కథాకావ్యాల్లో విషాద ప్రేమికులు చాలామందే ఉన్నారు. వాళ్ళను చదివే పద్ధతి ఒకటి ఇక్కడ అడుగడుగునా చెబుతాను. ఉదాహరణకి ఒకే కావ్యం తీసుకుంటాను, దాన్నే పట్టుకుని ఉంటాను. పరీక్షకు చదివే పిల్లలకు ఇది పనికొస్తుంది, ఇంగ్లీషు కవిత్వమంటే టెన్షన్ పడేవాళ్ళకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

కథ చిన్నది. ఫ్లోరెన్స్ నగరంలో ఇద్దరు ధనిక వర్తకులు. వాళ్ళ చెల్లెలు ఇసబెల్లా. వాళ్ళ వ్యాపారంలో పనిచేసే కుర్రాడు లొరెంజో. ఇద్దరూ ప్రేమించుకుంటారు. అన్నలు లొరెంజోను అడవికి తీసుకెళ్ళి చంపి పాతిపెడతారు, పని మీద ఓడెక్కి విదేశం వెళ్ళాడని చెల్లెలికి చెబుతారు. ఒక రాత్రి అతను ప్రేతంగా ఆమె మంచం దగ్గరికి వచ్చి నిజం చెబుతాడు. ఆమె ముసలి దాదిని వెంటబెట్టుకుని వెళ్ళి తవ్వి, అతని తల ఇంటికి తెచ్చుకుంటుంది. దాన్ని పూలకుండీలో పెట్టి, పైన బాసిల్ (తులసికి దగ్గరి చుట్టమైన సువాసన మొక్క) నాటుతుంది. అన్నలు ఆ కుండీ కూడా దొంగిలిస్తారు. దాన్ని అడుగుతూ అడుగుతూ ఆమె చనిపోతుంది.

మొదటి అడుగు: ఒక్కసారి పైకి చదవండి

కావ్యంలో 63 చరణాలు, చరణానికి 8 పంక్తులు, మొత్తం 504. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తొలిసారి నిఘంటువు తెరవద్దు. అర్థం కాని చోట ఆగొద్దు. ముప్పావుగంటలో అయిపోతుంది. మర్నాడు పెన్సిల్ తీసుకుని రెండోసారి మొదలుపెట్టండి. కింద చెప్పేవన్నీ ఆ రెండో చదువుకే.

రెండో అడుగు: చరణం నడక పట్టుకోండి

ఈ చరణాన్ని ఇటాలియన్ పేరుతో ఒట్టావా రీమా అంటారు. మొదటి ఆరు పంక్తుల అంత్యప్రాస ఒకటి విడిచి ఒకటి కలుస్తుంది. చివరి రెండు పంక్తులు జంటగా కలుస్తాయి. మన సీసపద్యం విన్నవాళ్ళకు ఈ నడక కొత్తేమీ కాదు. పెద్ద పాదాలు సాగి సాగి, చివర ఎత్తుగీతి వచ్చి మాటను ముడి వేస్తుంది చూడండి, ఇక్కడ చివరి జంట అలాంటి పనే చేస్తుంది.

అందుకని ప్రతి చరణంలో చివరి జంట కింద గీత పెట్టండి. ఇరవై ఏడో చరణంలో అన్నలూ లొరెంజో గుర్రాల మీద ఏరు దాటి అడవిలోకి వెళ్తారు. ఆ జంటలో కలిసిన ప్రాసలు వాటర్, స్లాటర్. నీళ్ళు, నరుకుడు. పైకి చదివితే నీళ్ళు దాటిన కాళ్ళు ఆరకముందే కత్తి తగులుతుంది. యాభై రెండో చరణంలో ఆమె కుండీలో మట్టి పోసి మొక్క నాటుతుంది. అక్కడి ప్రాసలు సెట్, వెట్. నాటింది, తడిపింది. చంటిపిల్లల పాటలో ఉండేంత చిన్న మాటలు. ఘోరమైన పనిని ఇంత మామూలు మాటల్లో చెప్పగలగడం ఈ కవి బలం.

మూడో అడుగు: ఎప్పుడు, ఎక్కడ రాశాడో ఒక్క నిమిషం చూడండి

ఎక్కువ అక్కర్లేదు. కీట్స్ 1795లో పుట్టాడు, 1821లో రోమ్‌లో క్షయతో పోయాడు. 'ఇసబెల్లా' 1818 తొలి నెలల్లో రాశాడు, ఎక్కువ భాగం డెవన్ తీరంలోని టైన్‌మౌత్ ఊళ్ళో. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు. అదే ఇంట్లో తమ్ముడు టామ్ క్షయతో దగ్గుతూ ఉండేవాడు. అతనికి సేవ చేస్తూనే రాశాడు. ఆ ఏడాది డిసెంబరు 1న టామ్ చనిపోయాడు. కావ్యం 1820లో అచ్చయింది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది: కవి కాకముందు కీట్స్ లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకున్నాడు. కట్లు కట్టాడు, శస్త్రచికిత్సలు దగ్గరుండి చూశాడు.

నాలుగో అడుగు: పాత కథను పక్కన పెట్టుకోండి

ఈ కథ కీట్స్ సొంతం కాదు. పద్నాలుగో శతాబ్దపు ఇటాలియన్ రచయిత బొకాచియో 'డెకామెరాన్'లో నాలుగో రోజు చెప్పిన అయిదో కథ ఇది. అది కొద్ది పేజీల వచనం. దొరికితే అనువాదం చదవండి, పావుగంట పని. ఏ కావ్యానికైనా మూలకథ ఉంటే, కవి ఏం మార్చాడో చూడటమే అతని మనసులోకి దగ్గరి దారి.

బొకాచియో కథ సిసిలీలోని మెస్సీనాలో జరుగుతుంది, కీట్స్ దాన్ని ఫ్లోరెన్స్‌కు మార్చాడు. అక్కడ ముగ్గురు అన్నలు, ఇక్కడ ఇద్దరు. వీటికన్నా పెద్ద మార్పు చంపడానికి కారణంలో ఉంది. బొకాచియో కథలో అన్నల భయం అప్రతిష్ఠ గురించి. పరువు హత్య అనే మాట మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో మనకు తెలుసు, ఆ కోవలోదే. కీట్స్ అన్నలకు పరువు చింత కన్నా లెక్కల చింత ఎక్కువ. చెల్లెల్ని ఆలివ్ తోటలున్న ఒక పెద్దింటివాడికి కట్టబెట్టాలని వాళ్ళ ప్లాను. తమ దగ్గర జీతానికి పనిచేసేవాడు అందులో అడ్డు తగిలాడు.

అయిదో అడుగు: ప్రేమకు అడ్డెవరో తేల్చండి

విషాద ప్రేమికుల కథ చదివేటప్పుడు 'విధి' అని రాసి చేతులు దులుపుకోవడం మనకు బాగా అలవాటు. కీట్స్ ఆ వీలు ఇవ్వడు. పద్నాలుగు నుంచి పదహారు దాకా ఉన్న మూడు చరణాలు నెమ్మదిగా చదవండి. ప్రేమకథ మధ్యలో కవి ఒక్కసారిగా ఆ అన్నల డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూపించడం మొదలుపెడతాడు. దివిటీల వెలుగులో గనుల్లో, హోరెత్తే ఫ్యాక్టరీల్లో వాళ్ళ కోసం చేతులు నలిగిపోయాయి అంటాడు. వాళ్ళ కోసం సింహళంలో ముత్యాలకు దిగేవాడు ఊపిరి బిగబట్టి, ఒంటి మీద బట్ట లేకుండా, ఆకలిగొన్న సొరచేప దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ కోసం అతని చెవుల్లోంచి రక్తం చిమ్మింది.

మధ్యయుగపు ఫ్లోరెన్స్‌లో హోరెత్తే ఫ్యాక్టరీలు ఎక్కడివి? అవి కీట్స్ కాలపు ఇంగ్లండువి. సింహళం కూడా అంతే. 1815కల్లా ఆ ద్వీపం మొత్తం బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చేసింది. మనకు అంత దగ్గరి సముద్రంలో దిగినవాడి చెవుల నెత్తురు ఒక ఇంగ్లీషు ప్రేమకావ్యంలోకి ఎలా వచ్చిందో తెలుసుకున్న రోజున నేను ఆ పేజీ చాలాసేపు తిప్పలేకపోయాను. మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథానికి బదులు కవిత రాసి ఉంటే 'ఇసబెల్లా' రాసేవాడని నాటకకర్త బెర్నార్డ్ షా అన్నది ఈ చరణాలు చూసే.

పదహారో చరణంలో ఒకటే ప్రశ్న అయిదుసార్లు వస్తుంది: వాళ్ళకెందుకంత గర్వం? పాలరాతి ఫౌంటెన్లు ఉన్నాయనా? ఎర్రగీతల చిట్టాపద్దులు ఉన్నాయనా? ఈ ప్రశ్నను గొంతు పెంచుతూ చదవండి. కొందరు విమర్శకులకు ఇది కథకు అడ్డొచ్చిన ఉపన్యాసంలా తోచింది. నేనలా అనుకోను. కథలో ప్రేమికుల్ని చంపేదే ఆ చిట్టాపద్దు కదా, దాన్ని చూపించకపోతే హత్యకు కారణం ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ కూడా 'చేతులు' అనే మాట కింద పెన్సిల్ గీత పెట్టండి. నలిగిన చేతులు. మళ్ళీ వస్తాయి.

ఆరో అడుగు: కథ ఎక్కడ విరిగిందో ఒక్క మాటలో గుర్తించండి

ప్రతి విషాద కథాకావ్యంలో తిరిగి వెనక్కి రాలేని ఒక చోటు ఉంటుంది. ఎక్కువగా అది చాలా మామూలు మాటలో ఉంటుంది. ఇందులో అది రెండు చరణాల్లో ఉంది, పక్కపక్కనే.

ఇరవై ఆరో చరణం. అన్నలతో బయల్దేరబోతూ లొరెంజో ఇసబెల్లాకు చెప్పి వెళ్దామని ఆగుతాడు. మూడు గంటలు నిన్ను చూడకుండా ఉండటమే ఎంత బాధో అంటాడు. చివరికి గుడ్ బై చెప్పి, త్వరగా వచ్చేస్తాను అంటాడు. మన ఇళ్ళలో గడప దాటేవాళ్ళు 'వెళ్తున్నా' అనరు, 'వెళ్ళొస్తా' అంటారు. 'వెళ్తున్నా' అంటే పెద్దవాళ్ళు కసురుకుంటారు. లొరెంజో కూడా వెళ్ళొస్తాననే అన్నాడు. ఆమె కూడా గుడ్ బై చెప్పి, అతను వెళ్తుంటే సంతోషంగా పాట పాడుకుంది. వాళ్ళు మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

తర్వాతి చరణం మొదటి పంక్తి చూడండి. ఇద్దరు అన్నలూ, 'వాళ్ళు హత్య చేసిన మనిషీ' ఫ్లోరెన్స్ దాటి స్వారీ చేస్తూ వెళ్ళారు అంటాడు కవి. దెయిర్ మర్డర్డ్ మాన్. అప్పటికి లొరెంజో బతికే ఉన్నాడు. గుర్రం మీద కూర్చున్నాడు. ప్రేమతో అతని ముఖం ఎర్రబడి ఉంది, చంపబోయేవాళ్ళ ముఖాలే ఏటి నీళ్ళలో పాలిపోయి కనిపిస్తున్నాయి. కానీ వ్యాకరణం అతన్ని చంపేసింది. 'హత్య చేయబోయే' అని రాయాల్సిన చోట 'హత్య చేసిన' అని రాసినందువల్ల ఆ స్వారీ అంతా శవయాత్ర అయిపోయింది. పైగా 'వాళ్ళ' మనిషి. జీతగాడుగా వాళ్ళవాడే, శవంగానూ వాళ్ళవాడే. క్లాసులో ఈ ఒక్క మాట మీద నేను పూర్తి పీరియడ్ తీసుకుంటాను.

అసలు హత్యకు కవి ఎంత చోటిచ్చాడో లెక్కపెట్టండి. ఒక్క పంక్తి. అక్కడ లొరెంజోను చంపి పాతేశారు, అంతే. కత్తి దిగడం చూపించడు, కేక వినిపించడు. అదే ఆమె తవ్వకానికి వచ్చేసరికి చరణాల మీద చరణాలు ఖర్చు పెడతాడు. కవి ఎక్కడ త్వరపడ్డాడు, ఎక్కడ నిలబడిపోయాడు అనేది ఎప్పుడూ చూసుకోండి. హంతకుల పని అతనికి ముఖ్యం కాదు, ప్రేమికురాలి పని ముఖ్యం.

ఏడో అడుగు: విరహం ఎక్కడ ఆగి శోకం ఎక్కడ మొదలైందో గీత గీయండి

ఈ అడుగుకు మన అలంకారశాస్త్రం చేతికర్రలా పనికొస్తుంది. నాట్యశాస్త్రం రాసిన భరతుడు విప్రలంభ శృంగారాన్నీ (ఎడబాటులోని ప్రేమ) కరుణరసాన్నీ (శోకం) విడదీస్తూ ఒక తేడా చెబుతాడు. విప్రలంభంలో ఆశ మిగిలి ఉంటుంది, మళ్ళీ కలుస్తామనే ఎదురుచూపు ఉంటుంది. కరుణలో ఆ ఆశ ఉండదు. ఏడుపు రెండింట్లోనూ ఒకేలా కనిపిస్తుంది, లోపలి సంగతి వేరు.

ఇరవై తొమ్మిది నుంచి ముప్పై నాలుగు దాకా ఇసబెల్లాది విరహం. అతను ఓడెక్కి వెళ్ళాడు, వస్తాడు. ఆకులు రాలే కాలం వచ్చింది, ఆమె పాలిపోతోంది, అన్నల్ని అడుగుతోంది, వాళ్ళు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నారు. ముప్పై అయిదో చరణంలో లొరెంజో ఆమె పడక కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తాడు. గీత అక్కడ గీయండి.

ఆ ప్రేతం మాటలు నెమ్మదిగా చదవండి. భయపెట్టేదేమీ ఉండదు. తను ఎక్కడున్నాడో గుర్తులు చెబుతాడు, ఊళ్ళో ఇల్లు కనుక్కోవడానికి గుర్తులు చెప్పినట్టు. నా తల మీద ఎర్రటి అడవిపళ్ళు వాలి ఉన్నాయి. కాళ్ళ మీద పెద్ద చెకుముకి రాయి ఉంది. చుట్టూ చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. ఏటి అవతల దొడ్డిలోంచి గొర్రెల అరుపు నా పడక దాకా వినిపిస్తోంది. మధ్యాహ్నం తేనెటీగలు పొలాల వైపు వెళ్తుంటాయి. చచ్చినవాడికి బతుకు చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి, వాటిలో అతనికి పాలు లేదు. మనుషుల లోకపు అంచు మీద ఒక్కణ్ణే ఉన్నానంటాడు. ఈ రెండు చరణాలు, ముప్పై ఎనిమిదీ ముప్పై తొమ్మిదీ, కావ్యం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టం. అదే ఇంట్లో తమ్ముడి దగ్గు వింటూ ఇవి రాసి ఉంటాడా అనిపిస్తుంది చదివినప్పుడల్లా.

తెల్లారాక ఇసబెల్లా నవ్వుతుంది. బతుకు ఇంత కఠినమని నాకు తెలియలేదు, దుఃఖమే అన్నిటికన్నా పెద్ద కష్టమనుకున్నాను, అన్న చేతి కత్తి ఉంటుందనుకోలేదు అంటుంది. మా క్లాసులో ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది: ఆమె న్యాయాధికారి దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు? ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి జవాబిచ్చింది: "చంపింది అన్నలే కదా సార్, ఇంక ఎవరికి చెప్పుకుంటుంది?" అంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఎనిమిదో అడుగు: చేతుల వెంట నడవండి

ఇక అసలు పని. కావ్యం మొదటికి వెళ్ళి, ఇసబెల్లా చేతులు ఏం పట్టుకున్నాయో, ఏం చేశాయో వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. ఆమె ఏమనుకుంది, ఎంత ఏడ్చింది అన్నవి ఇప్పటికి వదిలేయండి.

రెండో చరణంలో ఆమె చేతిలో సూది ఉంది. వీణలాంటి తంత్రీవాద్యం ఉంది. అతని పేరు తలపుకొచ్చి సగం కుట్టిన ఎంబ్రాయిడరీ పాడుచేసుకుంటుంది. చదివేటప్పుడు ఇది ముద్దుగా ఉండి దాటిపోతాం. ఇక్కడ పెన్సిల్ గీత తప్పనిసరి.

నలభై ఆరో చరణంలో ఆ చేతిలో కత్తి ఉంది. అడవిలో అతను చెప్పిన చోటు దొరికింది. బావి అడుగున తెల్లటి అవయవాలు కనబడ్డంత స్పష్టంగా ఆమెకు మట్టి కింద అతను కనిపిస్తున్నాడు. ఉన్నట్టుండి తవ్వడం మొదలుపెడుతుంది, పిసినారులకన్నా ఆత్రంగా. ఆ పోలిక చూశారా? పిసినారులంటే ఎవరు? చిట్టాపద్దుల అన్నలు. వాళ్ళు బంగారం కోసం తవ్వించిన చేతుల్ని పద్నాలుగో చరణంలో చూశాం, ఇప్పుడు వాళ్ళ చెల్లెలు తవ్వుతోంది.

వెంటనే గ్లౌజు బయటపడుతుంది. మట్టి అంటిన గ్లౌజు, దాని మీద ఆమె పట్టుదారం ఊదారంగులో ఆడుకున్న ఆటలు. రెండో చరణంలోని సూది ఇదిగో ఇక్కడ తేలింది. ఆ గ్లౌజును ముద్దు పెట్టుకుని గుండెల్లో దాచుకుంటుంది. బిడ్డ ఏడుపు మాన్పడానికి పుట్టిన ఆ గుండెలు దాని చలికి ఎముక దాకా గడ్డకట్టాయి అంటాడు కవి.

బిడ్డ అనే మాట ఎందుకొచ్చింది? తర్వాతి చరణం చదవండి. ముసలి దాది కూడా బక్కచిక్కిన చేతులతో సాయం పడుతుంది. మూడు గంటలు కష్టపడ్డారు. కీట్స్ అక్కడ వాడిన రెండు మాటలు లేబర్, ట్రావెయిల్. మన ఆసుపత్రుల్లో లేబర్ రూమ్ అంటామే, ఆ లేబరే. ట్రావెయిల్ అన్నా పురుటినొప్పులే. పక్కన పురుడు పోసే ముసలమ్మలా దాది. ఆ అడవిలో ఆమె ఒక శవాన్ని కంటోంది. యాభై తొమ్మిదో చరణానికి వచ్చేసరికి ఆమె గుడ్ల మీద పొదిగే పిట్టలా, అంత ఓపికగా, కుండీ పక్కన కూర్చుంటుంది. తను కట్టుకోవాల్సిన ఇల్లూ, కనాల్సిన బిడ్డా అన్నీ ఆ కుండీలో ఉన్నాయి.

'మూడు గంటలు' అన్న మాట దగ్గర ఆగి, ఆరో అడుగుకు వెళ్ళి రండి. మూడు గంటల ఎడబాటే ఎంత బాధో అని లొరెంజో వెళ్తూ అన్నాడు. అతన్ని మట్టిలోంచి తీయడానికి సరిగ్గా మూడు గంటలు పట్టింది. ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయని నాకు తెలియడానికి చాలాసార్లు చదవాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, అంకెల కింద కూడా గీత పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక ఆ చేతిలో బంగారు దువ్వెన ఉంది. అతని చెదిరిన జుట్టు దువ్వుతుంది. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ సర్దుతుంది. అంటిన మట్టిని కన్నీళ్ళతో కడుగుతుంది. సుగంధం అద్దిన పట్టుగుడ్డలో చుడుతుంది. కుండీలో పెట్టి మట్టి కప్పుతుంది. ఒక్కొక్క పనీ శ్రద్ధగా, వరసగా. పిల్లకు తలంటిపోసినట్టు చదవండి, అప్పుడు తెలుస్తుంది.

సూది, కత్తి, గ్లౌజు, దువ్వెన, కుండీ. ఈ అయిదు మాటలూ కాగితం మీద నిలువుగా రాసి చూస్తే పాత్రచిత్రణ అంతా అక్కడే ఉంది.

తొమ్మిదో అడుగు: కవి వెనకాడిన చోటు దాటేయకండి

నలభై తొమ్మిదో చరణంలో కీట్స్ కథ ఆపి తననే తాను అడుగుతాడు: పురుగులు పట్టిన ఈ సంగతులన్నీ ఎందుకు, తెరుచుకున్న సమాధి దగ్గర ఇంతసేపు ఎందుకు? పాత కథల సున్నితత్వం కావాలంటే బొకాచియోనే చదువుకోండి అన్నట్టు మాట్లాడతాడు. కానీ ఆపడు. తర్వాతి చరణంలోనే తల వేరుచేయడం ఉంది. ఆసుపత్రిలో శరీరాలను చూసినవాడు కాబట్టి మృత్యువును పువ్వుల కింద దాచలేకపోయాడని నా నమ్మకం.

కావ్యంలో బలహీనతలూ ఉన్నాయి. తొలి పది చరణాల్లో ప్రేమికుల మొహమాటం కాస్త ఎక్కువ తీపిగా ఉంటుంది. విషాదాన్నీ సంగీతాన్నీ పేరుపెట్టి పిలిచే యాభై అయిదు, అరవై ఒకటి చరణాల దగ్గర నాకు కథ సడలినట్టే ఉంటుంది. 1819లో రాసిన ఉత్తరంలో కీట్స్ కూడా ఇందులో జీవితానుభవం చాలలేదని, జనం ఎగతాళి చేస్తారని భయపడ్డాడు. అచ్చువేయనని కూడా అన్నాడు. మిత్రులు ఒప్పించారు. 1820 సంపుటిలో తనకు అన్నిటికన్నా నచ్చింది ఇదేనని వ్యాసకర్త చార్లెస్ లాంబ్ రాశాడు.

పదో అడుగు: కుండీని తెలుగులో పెట్టి చూడండి

ఒక్క చరణమైనా మీ భాషలోకి తెచ్చుకుంటే గానీ కావ్యం మీది కాదు. బాసిల్ దగ్గరే చిక్కు మొదలవుతుంది. చాలామంది తులసి అని రాసేస్తారు. రెండూ ఒకే జాతి మొక్కలే. కానీ తులసి అనగానే మనకు కోట, దీపం, ప్రదక్షిణ కళ్ళముందుకొస్తాయి, ఆ కుండీ అడుగున ఉన్న రహస్యం మరుగున పడుతుంది. బాసిల్ అంటే మనం ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజల మొక్క. నేను బాసిల్ అనే ఉంచుతాను, లేదా సబ్జా మొక్క అంటాను. అయినా రోజూ ఒక కుండీకి నీళ్ళు పోసి, దాని పక్కనే కూర్చుని, దానితో మాట్లాడే ఆడమనిషి మనకు తెలియని మనిషి కాదు. ఆ దగ్గరితనాన్ని పూర్తిగా వదులుకోవాలని కూడా నాకు ఉండదు.

యాభై మూడో చరణంతో మొదలుపెట్టండి. 'మరిచింది' అన్న మాట నాలుగుసార్లు తిరిగి వస్తుంది కాబట్టి తెలుగులో తేలిగ్గా ఒదుగుతుంది. నేను చేసుకున్నది ఇలా ఉంది: చుక్కల్ని మరిచింది, చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ మరిచింది, చెట్ల పైని నీలాన్ని మరిచింది, నీళ్ళు పారే లోయల్ని మరిచింది, వణికించే శరత్తు గాలిని మరిచింది, పొద్దు వాలిందో తెలియదు, తెల్లారిందో చూడదు, తన బాసిల్ మీదికి వంగి, నెమ్మదిగా, ఎప్పటికీ అలాగే. ప్రాస పోయింది, లయ కొంత మిగిలింది. మీరు ఇంతకన్నా బాగా చేయగలరు.

చదవడం, రాయడం అయ్యాకే బొమ్మలు చూడండి. ముందే చూస్తే మీ ఇసబెల్లా పోయి చిత్రకారుడి ఇసబెల్లా మిగులుతుంది. లివర్‌పూల్‌లోని వాకర్ గ్యాలరీలో ఉన్న మిల్లే చిత్రం 1849 నాటిది, అందులో ఒక అన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాలు చాచి కుక్కను తన్నుతుంటాడు. ఈ కథను అంత సూటిగా చెప్పిన కాలు ఇంకొకటి లేదు. న్యూకాసిల్‌లో ఉన్న హోల్మన్ హంట్ చిత్రంలో ఆమె రెండు చేతులతో కుండీని చుట్టుకుని ఉంటుంది. ఆ చిత్రం గీస్తున్న కాలంలోనే, 1866లో, ఫ్లోరెన్స్‌లో అతని భార్య ప్రసవం తర్వాత చనిపోయింది.

పదకొండో అడుగు: ఇదే కొలతతో ఇంకొకరిని చదవండి

పద్ధతి ఒంటబట్టిందో లేదో తెలియాలంటే వేరే కావ్యం మీద పెట్టి చూడాలి. 1813లో వచ్చిన ఇంకో రొమాంటిక్ కవి బైరన్ కావ్యం 'ద జావుర్' తీసుకోండి. అందులో లైలా అనే స్త్రీని ఆమె ఉన్న అంతఃపురపు యజమాని సముద్రంలో ముంచి చంపిస్తాడు. కథంతా ముక్కలుముక్కలుగా వేర్వేరు గొంతుల్లో వినిపిస్తుంది, ఆమె గొంతు తప్ప. ఆమె చేతులు ఏం చేశాయో రాసుకుందామంటే కాగితం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ మీద రెండు పేజీలు రాయొచ్చు.

మన దగ్గరికి వస్తే, 1913 నాటి రాయప్రోలు సుబ్బారావు 'తృణకంకణం'. ఇంగ్లీషు రొమాంటిక్ గాలి సోకిన తొలి తెలుగు కావ్యాల్లో ఒకటి. ప్రేమించుకున్నవాళ్ళు పెళ్ళితో ఒకటి కాలేకపోతారు. కానీ అక్కడ కత్తీ కుండీ లేవు, ప్రేమ స్నేహంగా నిలిచినందుకు గుర్తుగా గడ్డిపోచల కంకణం ఉంది. ఒకరు శవాన్ని దాచుకున్నారు, ఒకరు గడ్డిపోచను కట్టుకున్నారు. రెండు కావ్యాలనూ ఒకే వారంలో చదవండి.

చివరగా, ఆఖరి మూడు చరణాలు

అన్నలు కుండీ దొంగిలించి, తవ్వి, కుళ్ళిన ఆ ముఖం లొరెంజోదని గుర్తుపట్టి, ఆ క్షణమే ఫ్లోరెన్స్ విడిచి పారిపోతారు. ఇసబెల్లా చేతులు ఖాళీ అయిపోయాయి. అక్కడినుంచి చివరిదాకా ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదవండి, ఒక పేరు కోసం వెతకండి. లొరెంజో పేరు మళ్ళీ రాదు. ఆమె అతన్ని అడగడం లేదు. ప్రాణం లేని వస్తువుల వైపు జాలిగా చూస్తూ వాటిని అడుగుతుంది. దారిన పోయే యాత్రికుణ్ణి పిలిచి అడుగుతుంది: నా బాసిల్ ఎక్కడ, నాకు కనబడకుండా ఎందుకు దాచారు?